కుట్లు విప్పాక మిగిలిన భయం

2023. పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక ఆసుపత్రిలో, సర్జరీ ఓపీ పక్కనున్న డ్రెస్సింగ్ గది నాది. గాయాలు కడగడం, కట్లు మార్చడం, కుట్లు విప్పడం. పంతొమ్మిదేళ్లుగా అదే పని.

ఆ ఏడాది వర్షాలకు ముందు భారతి టీచర్ వచ్చారు. బ్రూక్షాబాద్‌లో ఉంటారు. ఒక బడిలో ఆడపిల్లలకు ఆటలు నేర్పుతారు. తాతలది శ్రీకాకుళం వైపు, ఆవిడ పుట్టింది మాత్రం ఇక్కడే. ముక్కు పక్కన ఎన్నాళ్లకీ మానని చిన్న పుండు. బయాప్సీ, అంటే ముక్క తీసి పరీక్ష చేస్తే, బేసల్ సెల్ కార్సినోమా అని తేలింది. చర్మ క్యాన్సర్లలో నెమ్మదైన రకం, ఎక్కువగా ఎండ వల్ల వస్తుంది, వేరే చోటికి పాకడం చాలా అరుదు. డాక్టరుగారు దాన్ని కోసి తీసేశారు. రిపోర్టులో ‘మార్జిన్స్ క్లియర్’ అని వచ్చింది. తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ లేదని అర్థం.

కుట్లు విప్పుతూ నేను ఎప్పుడూ అనే మాటే అన్నాను. “అదృష్టవంతులు టీచర్‌గారూ. చిన్నదానితో పోయింది.”

ఆవిడ నవ్వి వెళ్లిపోయారు.

పది రోజులకు మోచేతి మీద పుట్టుమచ్చ చూపించడానికి వచ్చారు. ఏమీ లేదన్నారు డాక్టరుగారు. తర్వాతి వారం మెడ మీద ఇంకోటి. మూడోసారి ముఖమంతా దుపట్టా చుట్టుకుని, నల్లకళ్లద్దాలతో వచ్చారు. బయట చూస్తే మబ్బు పట్టి ఉంది.

గదిలో ఇంకెవరూ లేరు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

“బడికి వెళ్తున్నారా?”

“లేదు దీదీ, ఛుట్టీ పెట్టేశాను. ఇంట్లో కిటికీలు కూడా తియ్యట్లేదు.” కళ్లద్దాలు తీశారు. “మా ఆయన, మా అత్త, మీరు... అందరూ లక్కీ అంటారు. కీమో లేదు, జుట్టు ఊడలేదు. ఇంక డర్ లగ్తా హై, భయమేస్తోంది అని ఏ మొహం పెట్టుకుని చెప్పమంటారు?”

అంటూనే ఏడ్చేశారు. నాకు సిగ్గేసింది. ఆవిడ నోరు నొక్కేసిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఓదార్చబోయి ఆగి, ఏడవనిచ్చాను.

ఆ రోజే డాక్టరుగారితో మాట్లాడి కౌన్సెలర్ దగ్గరకు పంపించాం. డాక్టరుగారు ఒక పద్ధతి పెట్టారు. నెలకు ఒక్కసారే ఒళ్లంతా అద్దంలో చూసుకోవాలి, వీపు భర్త చూడాలి. మిగతా రోజుల్లో వెతకొద్దు. కొత్తగా ఏదైనా కనబడినా, ఉన్నది మారినా రావాలి. ఎండలోకైతే టోపీ, పొడుగు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్.

“మరి గ్రౌండ్‌కి?”

“మన దగ్గర ఐదుకే తెల్లారుతుంది కదా, ఎండెక్కకముందే ఆడించండి” అన్నాను.

తర్వాతి చెకప్‌కి దుపట్టా లేకుండా వచ్చారు. వస్తూనే కబుర్లు.

“మచ్చేంటి మేడమ్ అని పిల్లలు అడిగారు దీదీ. చెప్పేశాను. ఒకతి ‘దర్ద్ హువా క్యా?’ అంది. ఆపరేషన్ కాదే, తర్వాతే నొప్పెట్టింది అన్నాను.”

“భయం పోయిందా?”

“పోలేదు. నెలకోసారి అద్దం ముందు వస్తుంది. చూసుకున్నాక వెళ్లిపోతుంది.” హాయిగా నవ్వారు.

గాయం చిన్నదైతే భయమూ చిన్నదే అనుకునేదాన్ని. ఇప్పుడు కుట్లు విప్పాక ట్రే పక్కన పెట్టి, “ఇంట్లో ఎలా ఉంటున్నారు?” అని అడుగుతాను. చాలామంది బాగున్నామంటారు, నిజంగానే బాగుంటారు. కొందరు వెంటనే మాట్లాడరు. వాళ్లు నోరు విప్పేదాకా తర్వాతి నంబరు పిలవను.