హెలెన్ చేసిన తిరుగుడు చేయి

తార్నాక హెలెన్ చేయి తగిలితే చచ్చిన వోల్ట్‌మీటర్ లేచి కూర్చుని మంచినీళ్లడుగుతుంది. నమ్మనివాడు యూనివర్సిటీ ఫిజిక్స్ ల్యాబ్‌లో పదకొండేళ్లుగా ఏం నడుస్తోందో చూడనివాడు. అక్కడ పరికరాలు పాడుచేసేది పిల్లలు, బాగుచేసేది ల్యాబ్ టెక్నీషియన్ హెలెన్, ల్యాబ్ మాన్యువల్‌లో పేరు పడేది మాత్రం సార్లది.

ఈసారి అట్ల కాదన్నాడు హెడ్ కరుణాకర్ సార్.

"ఈ ప్రయోగం నీదే హెలెన్. గురువారం పిల్లల పరీక్షలో సరిగ్గ నడిస్తే మాన్యువల్‌లో నీ పేరే వేయిస్త. నడవకపోతే పాత పరికరమే మళ్ల బయటికి తీస్తం."

హెలెన్ చేసింది దీపం ముందు గుండ్రంగా తిరిగే ఒక ఇనుప చేయి. దాని కొసన వెలుగును కొలిచే కన్ను, ఇరుసు కింద తిరుగుడును పట్టే ఎన్‌కోడర్. చేయి కదిలితే ఎన్‌కోడర్ రెండు వైర్ల మీద టకటకా కొడుతుంది. ఏ వైరు ముందు కొట్టిందో చూసి ఎటు తిరిగిందో మైక్రోకంట్రోలర్ చిప్పు పసిగడుతుంది, దెబ్బలు లెక్కపెట్టి డిగ్రీలు తెర మీద చూపిస్తుంది. ఇక డిగ్రీల గీతలు గీసిన ఇత్తడి పళ్లెం దేనికని హెలెన్ దాన్ని ఊడదీసి బీరువాలో పడేసింది. అంత ధీమా.

ఆ ధీమా మూడు వారాల్లో నీరుగారిపోయింది. సాయంత్రం చేయిని దీపానికి సూటిగా, సున్నా మీద నిలిపి ఇంటికి పోతుంది. పొద్దున స్విచ్ వేస్తే తెర సున్నా అంటుంది, దీపమేమో నాలుగు డిగ్రీల అవతల ఉంటుంది. మర్నాడు ఏడు. ఆ మర్నాడు రెండు, అదీ రెండోవైపు.

వైర్లు మార్చింది. కెపాసిటర్లు అతికించింది. ఒక్క దెబ్బ కూడా జారకుండా ప్రోగ్రామంతా తిరగరాసింది. కోఠికి పోయి కొత్త ఎన్‌కోడర్ తెచ్చింది. పగలంతా వందసార్లు తిప్పినా వెంట్రుకవాసి తేడా రాదు, తెల్లారితే మళ్లీ మొదటికే. తార్నాక చౌరస్తాలో ఆమె గొణిగిన తిట్లకు పచ్చ లైటు కూడా ఎర్రబడిందట. ఆదివారం చర్చిలో కళ్లు మూసుకుంటే ప్రార్థన రాలేదు, అంకెలే గిర్రున తిరిగాయి. రేపు పరీక్ష అనగా బుధవారం ఎనిమిదింటికే ల్యాబ్‌కు వచ్చేసింది.

తలుపు తీసే ఉంది. ముప్పై ఏళ్ల సర్వీసున్న అటెండర్ రాజలింగు పాత బనీను గుడ్డతో ఆమె పరికరాన్ని తుడుస్తున్నాడు. చేయిని పిడిలా పట్టుకుని ఇటు తిప్పి తుడిచాడు, అటు తిప్పి తుడిచాడు, ఒక కన్ను మూసి గురిచూసి నిలబెట్టాడు.

"రాజలింగన్నా! ఏం చేస్తున్నావ్?"

"ఏమున్నదమ్మా, దుమ్ము. రోజు తుడుస్త గద."

"రోజూనా!"

"మరి? తుడిచి మళ్ల ఉన్న కాడనే పెడ్త. నా కంటి లెక్క తప్పది."

"తప్పదా? మొన్న ఏడు డిగ్రీలు తప్పింది నీ కన్ను!"

"గట్లనా! ముందుగాల్నే చెప్పొద్దా తల్లీ, ఇంకింత మెల్లగ తుడుద్దును."

హెలెన్ స్టూలు మీద కూలబడింది. సాయంత్రం ఐదింటికి కరెంటు మెయిన్ బంద్ చేయడం ఆ బిల్డింగ్‌లో ఎప్పట్నుంచో ఉన్న కట్టు. కరెంటు లేనప్పుడు చేయి ఎటు తిరిగినా ఆ లెక్క ఎక్కడా పడదు. పొద్దున కరెంటు రాగానే తానున్న చోటే సున్నా అనుకుంటుంది. మూడు వారాలు తిట్టిందేమో వైర్లను! అరవబోయి, ఎదురుగా గుడ్డ మడతపెడుతున్న రాజలింగు ముఖం చూసి స్క్రూడ్రైవర్ అందుకుంది.

ఆ సాయంత్రానికల్లా దీపానికి సూటిగా, సున్నా ఉండాల్సిన చోట ఒక చిన్న స్విచ్ బిగించింది. కరెంటు రాగానే చేయిని తెచ్చి దానికి తాకించాలి, లెక్క అక్కడినుంచే మొదలు. తాకించేదాకా తెర మీద అంకె రాదు. జరిగిందంతా కరుణాకర్ సార్‌కు చెప్పింది.

గురువారం పిల్లలంతా వరసగా తిప్పారు. ఒక్క కొలతా తప్పలేదు. కరుణాకర్ సార్ ప్రెస్సుకు పోయే కాగితం మీద అందరి ముందే ఆమె పేరు రాశాడు. రాసి, బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ వైపు తిరిగి గొప్పగా చెప్పాడు:

"మా అటెండర్ రోజు దీన్ని పాడుచేసుడు సార్. ఈమె దొంగను పట్టినట్టు పట్టి బాగుచేసింది."

గుమ్మంలో చాయ్ ట్రే పట్టుకున్న రాజలింగు తల దించుకున్నాడు.

హెలెన్ అన్నది: "రాజలింగన్న ఏం పాడుచేయలేదు సార్. కరెంటు పోతే దీనికి చోటు గుర్తుండదని ఎన్‌కోడర్ డబ్బాలో వచ్చిన కాగితం మొదటి పేజీలోనే ఉంది. నేను చదవలేదు."