ఏడో నంబర్‌కి వీపు తిప్పిన ఆంటీ

పెన్సిల్వేనియాలో మా పాపని పగలు చూసుకున్న ఆంటీకి ప్రతి శనివారం మట్టి ట్రాక్ మీద స్ప్రింట్ కార్ల రేస్ చూడకపోతే అన్నం సయించేది కాదు. నెత్తిన రెక్క ఉన్న ఆ చిన్న కార్లు మలుపులో పక్కకి జారుతూ విసిరే బురద మొహాన పడే చోటే కూర్చునేది.

ఒకసారి నన్నూ, పాపనీ తీసుకెళ్లింది. మోతకి పాప చెవులు ఏమైపోతాయోనని నేను హడలిపోతుంటే, ఏడో నంబర్ కారు అందరికంటే ముందుకి రాగానే ఆంటీ లేచి, ట్రాక్‌కి వీపు తిప్పి నిలబడింది.

"ఏమైంది ఆంటీ?"

"ఇక్కడే రేస్‌లో మా అబ్బాయి కారుని కావాలని గోడకి నెట్టాడు ఆ ఏడో నంబర్ వెధవ. మావాడి చెయ్యి ఇప్పటికీ పైకి లేవదు. సారీ అయినా చెప్పలేదు. వాడు గెలవడం నేను చూడను."

ఎప్పుడూ వాడే గెలుస్తాడట. అంత ఇష్టపడే రేస్‌ల ముగింపులు ఆవిడ ఏళ్ల తరబడి చూడనే లేదు.

ఆ రోజు చివరి మలుపులో వెనకాలి కారు ఏడో నంబర్‌ని దాటేసింది.

"ఆంటీ, తిరగండి! ఓడిపోతున్నాడు!"

ఇంజిన్ల మోతలో వినిపించలేదు. భుజం పట్టి తిప్పేసరికి అంతా అయిపోయింది.

తిరిగి వస్తూ కార్‌లో, "మొత్తం చెప్పవే," అంది ఆంటీ. చెప్పాను.

"గోడకి గుద్దుకున్నాడా?"

"లేదాంటీ."

"గుద్దుకున్నాడనే చెప్పు. మళ్లీ మొదటినుంచీ చెప్పు."

రెండోసారి వాణ్ణి గోడకి గుద్దించాను. ఆవిడ అడక్కపోయినా పల్టీలు కూడా కొట్టించాను.