బాపు రాయి, నా స్పిన్ కరెంటు

కోపం వల్ల పరువుతో పాటు అరచెయ్యి కూడా కాలిన కథ చెబుతాను. నవ్వుకోండి, ఫర్వాలేదు. ఆ రోజు నవ్వినవాళ్ల మీద మాత్రం నాకు ఇప్పటికీ మండుతూనే ఉంది.

కరీంనగర్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాది. నేనూ, నా స్నేహితురాలు స్వరూపా కలిసి ప్రాజెక్టు చేశాం. పల్చటి అయస్కాంత పొర ఒకటి. దాని పైభాగం వేడిగా, అడుగు చల్లగా ఉంటే ఎలక్ట్రాన్లు ఉన్నచోటే ఉంటాయి, వాటి స్పిన్, అంటే బొంగరం తిరుగుడు లాంటి గుణం, మాత్రం వేడి వైపు నుంచి చల్లటి వైపుకు సాగుతుంది. వరసలో నిలబడి బిందెలు అందించుకున్నట్టన్నమాట. మనుషులు కదలరు, బిందె పోతుంది. పొర మీది ప్లాటినం పూత దాన్ని పిసరంత వోల్టేజిగా మారుస్తుంది. వేడి పైన ఉంటే మీటరు ప్లస్ చూపాలి, కింద ఉంటే మైనస్.

పైన చిన్న హీటరు పెట్టాం. అడుగున చల్లదనానికి మా బాపు ఇచ్చిన నల్ల గ్రానైటు పలక. బాపు అంటే మా నాన్న, ఆయనది రాళ్లు పాలిష్ చేసే పని. మే నెల మధ్యాహ్నాలు మా ఇంటిల్లిపాదీ రాతి గచ్చు మీదే పడుకుంటాం. అందుకే హీటరు వేడి కొలిచాను గానీ రాయి వేడి కొలవలేదు. గ్రానైటు చల్లగా ఉందా అని కరీంనగర్ మనిషి ఎవరైనా కొలుస్తారా, మీరే చెప్పండి!

రోజూ పొద్దున్నే చేసేవాళ్లం, ప్లస్సే వచ్చేది. పరీక్ష రోజు మా వంతు మధ్యాహ్నం పడింది. ప్రయోగం నచ్చితే తన ల్యాబులో పరిశోధనకు తీసుకుంటానని హైదరాబాద్ నుంచి వచ్చిన సారు అన్నారు. నాకు ఆ సీటొక్కటే ఆశ. మీటరు చూస్తే మైనస్!

"ఏందే స్వరూపా, తీగలు ఉల్టా పెట్టినవా?"

"నేను ముట్టనే లేదే! పొద్దున ఎట్లున్నయో గట్లనే ఉన్నయ్."

"మరి మైనస్ ఎట్లొస్తది? నా నోట్ల మన్ను గొట్టినవ్ గదనే!"

"జర చూసి మాట్లాడు!" అంది. దాని కళ్లలో నీళ్లు. అవి చూసి నాకు ఇంకా మండింది.

సారు అడిగారు, "అడుగు పలక వేడి కొలిచినవా అమ్మా?"

"ఎందుకు సార్? అది గ్రానైట్."

"అయితే?"

"అయితే ఏంది సార్! చల్లగనే ఉంటది. మా బాపు ఇచ్చిన రాయి!"

"పడమటి కిటికీ కాడ పెట్టినవు కదమ్మా..."

"యాడ పెట్టినా చల్లగనే ఉంటది! కావాల్నంటే చూడుండ్రి!" అని రాయి మీద అరచెయ్యి ఫట్‌మని చరిచాను.

"అవ్వో!" అన్న నా కేక ప్రిన్సిపాల్ గది దాకా పోయిందట. కిటికీలోంచి పడే ఎండకు రాయి పెనంలా కాలి ఉంది. పైనున్న గోరువెచ్చని హీటరు దాని ముందు ఏ మూలకి? వేడి కింది నుంచి పైకి పోతుంటే స్పిన్ కూడా అటే పోయింది. మీటరు నిజమే చెప్పింది. నేనే ఒప్పుకోలేదు.

సారు కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. "ప్రయోగం మంచిగనే ఉన్నది. రేపు పొద్దున చూపియ్యి. ముందుగాల గా పిల్లకు సారీ చెప్పు."

చెప్పాను. చేతికి మందు రాసింది ఆ పిల్లే. "మండుతుందా? మంచిగైంది," అంటూ ఇంకాస్త గట్టిగా రాసింది.

మర్నాడు ప్లస్ వచ్చింది, సీటూ వచ్చింది. ఇంట్లో చెబితే బాపు మండిపడ్డాడు. "నా రాయిని ఎండల వెట్టి, దాన్నే బద్నాం జేస్తవా? వాపస్ తే!" ఈ కోపం నాకు ఎక్కడినుంచి వచ్చిందో మీకిప్పుడు అర్థమై ఉంటుంది.

అందుకే ప్రమాణం చేశాను. ఇక మీదట కొలవకుండా ఎవరి మీదా కోపం తెచ్చుకోను. రాయి మీద చెయ్యి పెట్టి చెప్పమంది స్వరూప. థర్మామీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టాను.