గోడ మీద అక్క చేతిరాత

టైరు పంక్చరై బస్సులోని వాళ్లందరూ రోడ్డు పక్కన నిలబడ్డారు. నడిచే బస్సులో ఎవరి కిటికీ వాళ్లది. బస్సు ఆగితే మాత్రం ఎక్కడెక్కడి చుట్టరికాలో బయటపడతాయి. వీడియోగేముల మెకానిక్‌కు కూడా అలాగే తన పెద్దమ్మ కూతురు కనిపించింది. భుజానున్న సంచీని మరో భుజానికి మార్చుకోలేక అవస్థపడుతోంది. గబగబా వెళ్లి సంచీ అందుకున్నాడు.

చిన్నప్పుడు అతనికి అక్షరాలు దిద్దబెట్టింది ఈ అక్కే. ఎడమచేత్తో రాస్తున్నాడని ఇంట్లోవాళ్లు కసిరితే, వాడి చెయ్యి వాడిష్టమని అడ్డుపడిందీ ఈమే.

“జారిపడ్డానురా. ఎముక అతికింది గానీ, చెయ్యి పైకి లేవదు. కూర్చుని రాసుకుంటాను, బోర్డు మాత్రం అందదు.”

బోర్డు మీద రాయని లెక్కల టీచరుతో హెడ్‌మిస్ట్రెస్ మాత్రం ఎన్నాళ్లని నెట్టుకొస్తుంది? సోమవారం నుంచి ఆఫీసు గదిలో కూర్చోమందట. ఆ మాట చెప్పి అక్క నవ్వింది. ఆ నవ్వు అతనికి మింగుడుపడలేదు.

టీవీలో బంతాట ఆడించే రిమోటు ముక్కులో చిన్న కెమెరా ఉంటుంది. మన కళ్లకు ఆనని పరారుణ కాంతి దానికి కనబడుతుంది. మెకానిక్ తన దుకాణంలోని పాత సామాన్లలోంచి అలాంటి రిమోటొకటి వెతికి తీశాడు. ఇంకు అయిపోయిన మార్కరు కొనకు ఆ కాంతినిచ్చే బుల్లి దీపం బిగించి, లోపల బ్యాటరీ, పక్కన మీట పెట్టాడు. కొన ఎటు కదులుతోందో రిమోటు కనిపెట్టి కంప్యూటరుకు చెబుతుంది. ప్రొజెక్టరు దాన్ని గోడ మీద గీస్తుంది. మనిషి ఇసుకలో రాశాడు, ఆకుల మీద రాశాడు, రాతినీ వదల్లేదు. ఇక వెలుగుతో రాయడానికి అడ్డేముంది?

శనివారం బడిలో హెడ్‌మిస్ట్రెస్ చూస్తుండగా పిల్లల మధ్య బల్ల మీద ఓ చెక్క పరిచాడు. చెక్క నాలుగు మూలలూ ఆ దీపపు కలంతో తాకి, గోడ మీద పడ్డ ప్రొజెక్టరు వెలుగు నాలుగు మూలలకు జత కలిపాడు. అక్క రాయడం మొదలుపెట్టింది. గోడ మీద గీత తెగింది. మళ్లీ రాసింది, మళ్లీ తెగింది. దుకాణంలో నీళ్లలా పారిన గీత ఇక్కడ ముక్కచెక్కలైంది. హెడ్‌మిస్ట్రెస్ గడియారం చూసుకుంది.

“పోనీలేరా. ఇంత చేశావు, చాలు,” అంది అక్క, కలం కింద పెడుతూ.

అతను వైర్లను వదిలేసి, కలం మరోసారి పట్టుకోమని ఆమె చేతినే చూశాడు. దుకాణంలో తన ఎడమచేతికి అనువుగా రిమోటును కుడిపక్కన పెట్టుకున్నాడు; ఇక్కడా అలాగే పెట్టాడు. అక్క కుడిచెయ్యి దీపాన్ని రిమోటుకు కనబడకుండా కప్పేస్తోంది.

“కుడిచేతివాళ్లు కూడా ఉంటారని మరిచిపోయానక్కా.”

“ఉంటాంలేరా, అక్కడక్కడా.”

రిమోటును ఎడమపక్కకు మార్చి, మూలలు మళ్లీ తాకించాడు. చెక్కను చూడకుండా గోడను చూస్తూ రాయమన్నాడు. ఈసారి అంకెలు తెగలేదు. అక్క చేతిరాత, ఆ బొద్దు తొమ్మిదీ, ఆ వంగిన ఏడూ, గోడంత పెద్దవై వరసకట్టాయి. ఇన్నేళ్లూ పిల్లలకు వీపు చూపించి రాసిన మనిషి, వాళ్ల భుజాలకు భుజం తగిలేలా కూర్చుని వాళ్లు చూసేదే చూస్తోంది.

“టీచర్, మూడో వరసలో తప్పు,” అంది పక్కనున్న పిల్ల.

“ఎక్కడే? నువ్వే దిద్దు,” అని అక్క కలం ఆ పిల్ల చేతిలో పెట్టింది.

అక్క కోసం ఆఫీసులో వేయించిన కుర్చీ తీసేయమని హెడ్‌మిస్ట్రెస్ ప్యూనుకు చెప్పింది. అక్కకు ఆ మాట వినబడలేదు. మెకానిక్‌కు వినబడింది. వెళ్లొస్తానక్కా అందామని నోరు తెరిచాడు గానీ, ఆమె లెక్క మధ్యలో ఉంది. జేబులోని కొత్త బ్యాటరీ తీసి చెక్క పక్కన పెట్టాడు. చెప్పులు వేసుకుని, చప్పుడు కాకుండా మెట్లు దిగిపోయాడు.