ఆగిన ఇంజనుకు దారి చూపిన ప్రకాశరావు గారు

మా మేనమామ శ్రీ సూర్యప్రకాశరావు గారు కొత్తపేటలోని స్వగృహంలో గుండెపోటుతో పరమపదించారన్న వార్త అమలాపురం కోర్టు ఆవరణలో నా చెవిన పడింది. నల్లకోటు విప్పడం కూడా మరచి బస్సుకోసం పరుగెత్తాను. ఆ శోకం ఇంకా ఆరనేలేదు, నిన్నటి సంతాపసభ దానికి తోడు రోతను కూడా రేపింది. రెండూ కలిసే నాచేత ఈ వ్యాసం రాయిస్తున్నాయి.

ఆయన చేసిన పని ఎటువంటిదో మన సీమలో చాలామందికి తెలియదు. ఆయన విమానం నడిపేవారు కాదు. ఒక ప్రైవేటు కంపెనీలో, ఈశాన్యపు కొండల నడుమనున్న చిన్న విమానాశ్రయం నుంచి లేచే రెండింజన్ల విమానాలకు దారి నిర్ణయించేవారు. నేల విడిచిన మరుక్షణం ఒక ఇంజను ఆగితే, మిగిలిన ఒక్కదానితో విమానం ఎదుటి కొండను దాటలేదు. ఎక్కడ, ఎటు తిరిగి, ఏ లోయ వెంట పోతే ప్రాణాలు దక్కుతాయో, అందుకు బరువు ఎంత మించకూడదో ముందుగానే లెక్కకట్టి కాగితం మీద పెట్టడం ఆయన విద్య.

"గుట్టయినా లేని ఊళ్ళో పుట్టి నీకు కొండల పెత్తనమేంట్రా?" అని బంధుకోటి వేళాకోళమాడేది. ఆయన మాత్రం మ్యాపును నమ్మక స్వయంగా ఆ కొండ ఎక్కారు. జలగలు పట్టిన కాళ్ళతో దిగివచ్చి లెక్కంతా మార్చారు. సెలవుకు వచ్చినప్పుడు మా అమ్మతో అన్నారు: "మ్యాపు గీసినవాళ్ళు కొండని కొలిచేరక్కా, దానిమీద చెట్లని వదిలేసేరు. కొబ్బరి దింపు తీసే ఊళ్ళో పుట్టినవాణ్ణి, చెట్టెత్తు ఎలా మర్చిపోతాను?" అమ్మ నవ్వింది. నేను ఆ చెట్లకు తగలబోయే రెక్కను తలచుకుని ఉలిక్కిపడ్డాను.

ఆ కంపెనీలో వాటాలున్న మన జిల్లా పెద్దమనిషి ఒకడికి ఈ లెక్కలు కంటగింపు. మధ్యాహ్నపు ఎండకు గాలి పలచబడి విమానం బద్ధకంగా లేస్తుంది గనుక ఆ వేళ నాలుగు సీట్లు ఖాళీగా ఉంచాలని మామయ్యగారి నియమం. మామయ్యగారు సెలవులో ఉండగా ఆ పెద్దమనిషి ఒకసారి ఇంటికొచ్చి నా ఎదుటే దెప్పాడు: "ఏవండీ, రెండింజన్లూ లక్షణంగా తిరుగుతున్నాయి కదండీ. ఆగని ఇంజనుకి ఇప్పట్నుంచీ ఏడుపెందుకండీ?"

"ఆగేక ఏడవడానికి టైముండదండి. నేలమీదుండగానే ఏడవాలండి," అన్నారు మామయ్యగారు ప్రశాంతంగా.

ఒక మధ్యాహ్నం ఇంజను నిజంగానే ఆగింది. పైలటు మామయ్యగారు చెప్పిన చోటనే ఎడమకు తిరిగి, నది వెంట దిగువకు పోయి, అందరినీ క్షేమంగా దింపాడు. సంస్కారమున్నవాడైతే లెక్కకట్టిన చేతులకు నమస్కరిస్తాడు. ఈ మహానుభావుడేం తీర్మానించాడు? "ఒక్క ఇంజనుతోనే వచ్చేసింది కదండీ! అయితే ఆ నాలుగు సీట్లూ నింపేయొచ్చండి." సీట్లు ఖాళీగా ఉన్నందువల్లనే వచ్చిందని మామయ్యగారు ఎంత మొత్తుకున్నా వినే నాథుడు లేడు. కొత్త లెక్క మీద సంతకం పెట్టనని ఆయన ఉద్యోగం వదిలి ఇంటికి వచ్చేశారు. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, "ఈపాటికి విమానం లేచుంటుందిరా," అనేవారు. ముద్ద దిగేది కాదు. ఆ బెంగతోనే పోయారు.

నిన్న ఆ పెద్దమనిషే సంతాపసభకు అధ్యక్షుడు. పట్టు ఉత్తరీయంతో కళ్ళొత్తుకుంటూ "ఋషితుల్యుడు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. సంతాపసభలో చప్పట్లు! సభ ముగిశాక దగ్గరికి వెళ్ళి అడిగాను: "మామయ్యగారి కాగితం ఇంకా అమల్లో ఉందాండి?"

"ఆయ్! అద్దం కట్టించి ఆఫీసు గోడకి పెట్టించేమండి. దండ కూడా వేయించేమండి."

"మరి పైలట్ల దగ్గరో?"

"వాళ్ళకి కొత్తది ఇచ్చేమండి. సీట్లన్నీ నిండుతున్నాయండి."

మామయ్యగారూ, మీ ఆత్మకు శాంతి కలగాలని కోరే ధైర్యం నాకు లేదు. చేతులు జోడించి తలవంచడమొక్కటే చేయగలను. మీ లోటు తీరనిదని నిన్న వేదికమీద అందరూ అన్నారు. రేపు మధ్యాహ్నం ఆ లోయలోంచి లేచే విమానంలో కూర్చునేవారికి మీరు పోయారని తెలియదు.