ఎవరూ విప్పని ముడి

బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే ఆమెకు ఏడాదిన్నర కూతురుంది. మంచి శిశుకేంద్రాల ఫీజు ఆమె జీతాన్ని మింగేస్తుంది. చవగ్గా పిల్లల్ని చూసుకునే ఈ ఆయా ఇంట్లో పన్నెండు మంది పిల్లలున్నా ఎప్పుడూ నిశ్శబ్దమే. అదే ఆమెకు అనుమానం.

"నీ పాప బంగారమమ్మా! ఇవాళ రెండుసార్లు లాగు మార్చా," అంది ఆయా, సాయంత్రం పాపను అందిస్తూ.

ఫ్యాక్టరీలో బట్టల మూటలకు వేసే ముడినే ఆమె పొద్దున అలవాటుగా లాగు బొందుకూ వేసింది. అది అలాగే బిగిసి ఉంది. లాగు తడిసి, ఎండి, అట్టకట్టింది.

"ముడి విప్పకుండానే మార్చావా అక్కా? ఆ విద్యేదో మాకూ నేర్పు!"



మర్నాడు పాపను చంకనెత్తుకుని ఫ్యాక్టరీకే వెళ్లింది. "మూడొందల మంది ఆడవాళ్లం సార్. పిల్లలకో గది, ఓ ఆయా ఇచ్చేదాకా ఇది నా మిషను పక్కనే ఉంటుంది," అంది సూపర్‌వైజరుతో.

"రేపు మావాణ్నీ తెస్తా," అంది పక్క మిషను మీదామె, కుట్టు ఆపకుండానే.