విమలక్క కోసేసిన ఒక్క అంగుళం

నిన్న మధ్యాహ్నం విమలక్క పోయింది.

ఈ ఒక్క వాక్యం టైప్ చేసి నాలుగుసార్లు చెరిపేశాను. చదువుతుంటే ఇంకెవరి గురించో రాసినట్టుంది.

నేను న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో ఉన్నాను. చేతిలో కొత్తిమీర కట్ట. టెక్సస్ నుంచి వాళ్లమ్మాయి అనిత ఫోన్ చేసింది.

"అంకుల్, అమ్మ ఇంక లేదు. బ్యాక్‌యార్డ్‌లో ప్లాంట్స్‌కి వాటర్ పెడుతూ పడిపోయింది."

"ఏ హాస్పిటల్‌లో ఉందమ్మా?" అని అడిగాను. పాపం, ఆ పిల్ల మళ్లీ మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది.

మొన్న ఆదివారమే గంటసేపు మాట్లాడాం. నా మోకాలు, తన బీరపాదు, రెండూ ఈ ఏడాది పనికిరావని తేల్చేసింది. ఆ మనిషి లేకపోవడమేమిటి?

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అక్క నాకు చుట్టం కాదు. ఎనభైల మొదట్లో టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మా పక్క అపార్ట్‌మెంట్. నేను కొత్తగా వచ్చిన మెకానికల్ ఇంజనీర్‌ని, అన్నీ నాకే తెలుసనుకునే వయసు. తను ఒక మెషిన్ షాప్‌లో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. రోజంతా పార్టులు కొలిచి ఓకే అనో, రిజెక్ట్ అనో రాసేది. ఇంట్లో ఇడ్లీలను కూడా అదే చూపు చూసేది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి, అక్క టార్గెట్ షూటర్.

బాపట్లలో కాలేజీ రోజుల్లో, ఎన్‌సీసీలో మొదలైందట. పుట్టుకతో ఎడమచేతి వాటం. ఇంట్లోవాళ్లు కొట్టి మరీ కుడిచేత్తో తినడం, రాయడం నేర్పారు. రైఫిల్ మాత్రం ఎడమ భుజానికే ఆనించేది. అది ఎవరూ మార్చలేకపోయారు.

ఇర్వింగ్‌లో ఎడమచేతి వాళ్ల కోసం చేసిన ఫ్యాక్టరీ రైఫిల్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. శనివారాలు ఊరి బయట షూటింగ్ రేంజ్‌కి నేనే డ్రైవ్ చేసేవాణ్ణి.

మొదటి ఏడాది క్లబ్ మ్యాచ్‌లో అక్కది చివరినుంచి రెండో స్థానం. ఒకాయన నవ్వుతూ, మీరు వంట బాగా చేస్తారా అని అడిగాడు. అక్క ఇల్లు చేరాక, "వచ్చే ఫిబ్రవరి మ్యాచ్‌లో కూడా ఇంతే అయితే రైఫిల్ అమ్మేస్తాను" అంది.

తూటాలు ఒకచోట పడటం లేదు. ఏదో ఒక పార్ట్ మార్చాలి. కస్టమ్ బ్యారెల్, అంటే ప్రత్యేకంగా చేసిన గొట్టం, పెట్టించడమా, లేక స్టాక్, అంటే భుజానికి ఆనించే చెక్క భాగం, తన కొలతకి చేయించడమా? రెండూ చేయించేంత స్తోమత లేదు, ఏదో ఒకటే.

అక్క ఉద్దేశం స్పష్టంగా ఉండేది. "స్టాక్ పొడుగురా శేఖరం. ఎవరో ఆరడుగుల వాడి కోసం చేశారు. నా ఒంటికి తగిలేది నా కొలతకి ఉండాలి. తగలనిది ఫ్యాక్టరీది చాలు."

నేను ఊరుకుంటానా? "అక్కా, బ్యారెలే అసలు. చెక్కదేముంది?" అని లెక్చర్ ఇచ్చాను. అంతటితో ఆగలేదు. ఆగస్టు నెలలో, వాళ్ల కిచెన్‌లో, పొయ్యి మీద చారు మరుగుతుంటే, నూలు చీరలో ఉన్న అక్క చేతికి ఖాళీ రైఫిల్ ఇచ్చి, టేపు పెట్టి కొలిచి, "పర్ఫెక్ట్ ఫిట్" అని తీర్పు చెప్పాను.

డిగ్రీ ఉన్నవాణ్ణి కదా. నమ్మింది.

కస్టమ్ బ్యారెల్ చేతికొచ్చేసరికి జనవరి. రేంజ్‌కి వెళ్లి కాల్చింది. తూటాలు అలాగే చెదిరాయి.

మ్యాచ్ ఇంకో వారం ఉందనగా, పొద్దున్నే నన్ను కార్లు నిలిపే కార్‌పోర్ట్‌లోకి పిలిచింది. స్వెటర్ మీద మందపాటి షూటింగ్ జాకెట్ వేసుకుని రైఫిల్ ఎత్తి చూపించింది. జాకెట్ మందానికి రైఫిల్ ముందుకు జరిగి, ట్రిగ్గర్ అందడానికి వేలు సాగదీస్తోంది, మెడ ముందుకు చాస్తోంది.

"ఒరేయ్, నువ్వు నన్ను చీరలో కొలిచావు. నేను కాల్చేది ఈ బొంతలో."

రైఫిల్ విప్పి, చెక్కకి టేప్ అంటించి, పెన్సిల్‌తో గీత గీసి, మూడుసార్లు కొలిచింది. రంపం తీసుకుంది. నేను సాయం చెయ్యబోతే, "నువ్వు గట్టిగా పట్టుకో చాలు. ఏదీ కొలవకు" అంది.

ఒక్క అంగుళం చెక్క కింద పడింది.

ఆ మ్యాచ్‌లో అక్కకి మూడో స్థానం వచ్చింది.

వంట గురించి అడిగిన ఆయనే దగ్గరికొచ్చి, బ్యారెల్ ఎవరిది అని అడిగాడు. అక్క నా వైపు చెయ్యి చూపించి, "మా తమ్ముడు సెలెక్ట్ చేశాడు" అని ఇంగ్లీషులో చెప్పింది. అందరూ నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. నేను సిగ్గులేకుండా పుచ్చుకున్నాను.

తరవాత ఆ బ్యారెల్ బిగించిన గన్‌స్మిత్ నాతో విడిగా అన్నాడు, పాత బ్యారెల్‌లో అసలు ఏ లోపమూ లేదని. ఆ మాట అక్కకి చెప్పలేదు. ఇన్నేళ్లూ ప్రతి పాట్‌లక్ విందులో అక్క "మా శేఖరం బ్యారెల్ మహిమ" అని చెబుతుంటే, నవ్వుతూ తల దించుకుని పులిహోర తిన్నాను. ఎప్పటికప్పుడు వచ్చేసారి చెబుదామనుకున్నాను. మొన్న ఆదివారం కూడా చెప్పలేదు.

ఈ పొద్దున అనిత ఒక ఫోటో పంపింది. అక్క ఏ రోజు ఎలా కాల్చిందో రాసుకునే పాత నోట్‌బుక్‌లో ఒక పేజీ. "నాకు తెలుగు చదవడం రాదు అంకుల్. మీ పేరు ఉందని, మిమ్మల్నే అడగమని బాబాయ్ చెప్పారు. అమ్మ ఏం రాసింది?"

ఇంకా జవాబివ్వలేదు. ఇక్కడే చెబుతున్నానమ్మా, బాబాయ్ చేత చదివించుకో.

"స్టాక్ అంగుళం తగ్గించాను. ఓకే. పాత బ్యారెల్, కొత్త బ్యారెల్, తేడా లేదు. శేఖరానికి చెప్పకూడదు. చిన్నబుచ్చుకుంటాడు."

అక్కా, అప్పుడూ నువ్వే కరెక్ట్.

ఇక మెడ చాచక్కర్లేదు. హాయిగా, శాంతిగా పడుకో.